గీతమీద నిలిచినవాడు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటను తొలిసారి చూచువాని కన్ను బంతి వెంటనే పోవును. బంతిని విసరు క్వార్టర్‌బ్యాక్, దానిని గాలిలో అందుకొని పరుగెత్తు ఆటగాడు, తుదిగీత దాటినంతనే మిన్నుముట్టు జనఘోష, ఇంతయే ఆట యని అతనికి తోచుటలో ఆశ్చర్యము లేదు. కాని బంతి కదలుటకు ముందే, దాని పొడవంత మాత్రమే వెడల్పుగల నేలపట్టీకి ఇరువైపుల, ఒక చేతిని పచ్చికపై ఆన్చి, నడుము వంచి, ఊపిరి బిగబట్టి నిలిచియుండు మహాకాయుల వరుసలు రెండు కలవు. బంతి తమదైన జట్టువైపున నడుమ సెంటర్, అతని కిరుప్రక్కల గార్డులు, వారి కావల ట్యాకిళ్లు నిలుతురు; ముందుకు విసరిన బంతిని అందుకొనుటకు సామాన్యముగా నియమములు వీరిని అనుమతింపవు, తమ వెనుకనున్నవానిని కాచుటయే వీరి వృత్తి. ఎదుటి వరుసవారి వృత్తి ఆ మానవకుడ్యమును ఛేదించుకొని లోనికి చొరబడుట. బంతి కదలిన ప్రతిమారును ఈ రెండు వరుసలును ఢీకొనును; ఒక్క ఆటలో అట్టివి అరువదియో డెబ్బదియో జరుగును; బంతి ఎటు పోయినను వీరికి మాత్రము దెబ్బ తప్పదు. వీరినే లైన్‌మన్‌లందురు.

ఈ వరుసలో పదునైదేండ్లు నిలిచి, తరువాత ఒక రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానమున ఇరువది రెండేండ్లకు పైగా తీర్పులు చెప్పిన మనిషి ఒకడు కలడు. ఆయన పేరు ఆలన్ పేజ్. మల్లయోధుని వంటివాడు న్యాయమూర్తి యగుట వింత గదా యని కొందరు ఆయన కథను చెప్పుదురు. నాకు అందులో వింతయేమియు కనబడలేదు. ఆటగాని ఉత్తరజీవితము ఆట ముగిసిననాడు మొదలగునది కాదనియు, దేహబలము పరిపూర్ణముగా నున్ననాడే దానికి పునాది పడవలెననియు, అట్టి పునాదికి చోటీయని ఆట ఎంత ధనము వెదజల్లినను ఆటగానికి ఋణపడియే యుండుననియు నా నిశ్చితాభిప్రాయము. పేజ్ జీవితము ఆ అభిప్రాయమును బలపరచును. ఆయనతో ఒకనాడు అదే మైదానమున నిలిచిన మరియొకని జీవితము దానిని మరింత కఠినముగా బలపరచును.

పేజ్ 1945 ఆగస్టు 7వ తేదీన ఒహాయో రాష్ట్రమందలి కాంటన్ పట్టణమున జన్మించెను. ఉక్కు కర్మాగారముల పట్టణమది. నేటి నేషనల్ ఫుట్‌బాల్ లీగు 1920లో పురుడు పోసికొన్నది కూడ అచటనే, ఒక మోటారుకార్ల దుకాణమున. నల్లజాతి కుటుంబము, ఉక్కు మిల్లులో కూలియై బ్రతుకు వెళ్లదీయుట తప్ప వేరుదారి కానరాని పరిసరములు. పాఠశాలలలో వర్ణవివక్షను కొట్టివేసిన 1954 నాటి బ్రౌన్ తీర్పు వెలువడునప్పటికి ఆ బాలునికి ఎనిమిదేండ్లు. న్యాయశాస్త్రమునందు తన ఆసక్తి ఆ తీర్పునుండియు, టెలివిజన్‌లో చూచిన పెర్రీ మేసన్ అను న్యాయవాది నాటకములనుండియు మొలకెత్తినదని ఆయనయే పలుమారులు చెప్పియున్నాడు. ఆ పట్టణముననే ఫుట్‌బాల్ మహనీయుల స్మారకభవనమగు 'హాల్ ఆఫ్ ఫేమ్' కట్టుచుండగా ఆయన ఆ కట్టడపు పనిలో కూలిగా చేరెను. భవనము 1963లో తెరువబడినది. సరిగా ఇరువది యైదేండ్లకు ఆ భవనమున ఆయన విగ్రహమును నిలిపిరి.

నోటర్ డేమ్ విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదువుచు, 1966లో ఆ విశ్వవిద్యాలయపు జట్టు దేశమున ప్రథమస్థానము గడించినప్పుడు అందు ఒకడై యుండి, 1967లో కొత్త ఆటగాండ్రను ఎన్నుకొను లీగు ఎంపికలో మిన్నెసోటా వైకింగ్స్ జట్టుచేత తొలి విడతలోనే ఎన్నుకొనబడి, వృత్తి ఆటగాడయ్యెను. విశ్వవిద్యాలయమున వరుస చివర నిలిచెడివానిని ఇచట వరుస నడిమికి, డిఫెన్సివ్ ట్యాకిల్ స్థానమునకు మార్చిరి. కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గ్యారీ లార్సెన్, పేజ్, ఈ నలుగురు ఊదారంగు దుస్తులతో నిలిచిన వరుసకు ఊదా నరభక్షకులని అభిమానులు పేరు పెట్టిరి. శిక్షకుడు బడ్ గ్రాంట్ కఠినుడు. మిన్నెసోటా శీతకాలమున మంచు కురియుచున్నను మైదానపు అంచున తన ఆటగాండ్రకు వెచ్చదన మిచ్చు యంత్రములను ఉంచనీయలేదు. ఆ వరుసవారిలో పేజ్ అందరికంటె బరువైనవాడు కాడు. ఆయన బలమెల్ల వేగమునందుండెను. ఎదుటివాడు భుజము నిటారు చేయకమున్నే ప్రక్కగా జారి లోనికి దూకెడివాడు.

1971లో ఆ లీగునందు సర్వోత్తమ ఆటగాడని అసోసియేటెడ్ ప్రెస్ ఇచ్చు గౌరవము ఆయనకు లభించినది. బంతిని పట్టి పరుగెత్తని, బంతిని విసరని, కేవలము అడ్డగించు ఆటగానికి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. తరువాత 1986లో లారెన్స్ టేలర్ ఒక్కనికే అది మరల లభించినది. లీగు మేటి ఆటగాండ్రకై జరుపు ప్రో బౌల్ ఆటకు వరుసగా తొమ్మిదేండ్లు ఎంపికయ్యెను. పదునైదేండ్లలో 218 ఆటలు ఆడెను, ఒక్కటియైనను తప్పింపలేదు.

ఈ సంఖ్యలు ఆటను ప్రేమించువారికి చాలును. నాకు వీనికంటె ముఖ్యముగా తోచినది వైకింగ్స్ జట్టు సమావేశపు గదిలో జరిగిన ఒక చిన్న సంఘటన. జట్టు ఎత్తుగడలు వ్రాసియున్న పుస్తకమును ఒక్కొక్కరు బిగ్గరగా చదువవలెనని సహాయశిక్షకుడు ఆటగాండ్ర నడిగెను. పేజ్ వింటూ కూర్చుండెను. కొందరు సులువుగా చదివిరి, కొందరు తడబడుచు చదివిరి, మరికొందరు చదువనే లేకపోయిరి. వీరందరు పాఠశాల దాటి కళాశాలలలో నాలుగేసి యేండ్లు గడపివచ్చినవారు! శనివారమునాడు వేలకొలది జనులచేత జయజయధ్వానములు చేయించిన పిల్లవానికి అక్షరము నేర్పవలెనను తలంపు ఇన్నేండ్లలో ఒక్క ఉపాధ్యాయునికైనను కలుగలేదు. ఒకవేళ కలిగినను, ఆట నెగ్గవలెనను తొందరలో అది అణగిపోయెను. ఈ సంఘటనను పేజ్ మరచిపోలేదు. ఆయన పిమ్మట చేసిన పనులన్నిటికి వేరు ఆ గదిలోనే యున్నదని నేను నమ్ముచున్నాను.

న్యాయశాస్త్రము చదువుటకు ఆయన చేసిన మొదటి ప్రయత్నము మూడు వారములకే ముగిసినది. కొన్ని యేండ్లు గడచిన పిమ్మట మిన్నెసోటా విశ్వవిద్యాలయ న్యాయకళాశాలలో మరల చేరి, ఈసారి ఆటను మానక చదువును విడువక, 1978లో పట్టము పొందెను. దేహమంతయు నొప్పులతో నిండియుండు సోమవారపు ఉదయమున తరగతిలో కూర్చుండి ఒప్పందముల చట్టమును అభ్యసించుట ఎట్టి శ్రమయో ఊహింపుడు. ఈ కాలముననే ఆటగాండ్ర సంఘమునకు తన జట్టు ప్రతినిధిగా పనిచేసెను. జట్టు మారదలచిన ఆటగానికి కొత్త యజమాని పాత యజమానికి పరిహార మీయవలెనను నియమము న్యాయస్థానములలో వీగిపోయిన దినములవి. కార్మికుని హక్కు ఎట్టిదో పుస్తకమునందును, స్వానుభవమునందును ఒకేసారి నేర్చుకొను అవకాశము ఆయనకు దొరకినది.

పొగత్రాగుట మానుటకై భార్య డయాన్ పరుగు మొదలిడగా ఆయనయు ఆమె వెంట పరుగెత్తసాగెను. క్రమముగా దూరములు పెరిగినవి, దేహపు బరువు తగ్గినది. ఇంత బరువు తగ్గినవాడు గీతమీద నిలువలేడని శిక్షకుడు నిశ్చయించి 1978 ఋతువు నడిమిలోనే ఆయనను జట్టునుండి తొలగించెను. చికాగో బేర్స్ జట్టు లీగు నియమములు విధించిన నూరు డాలర్ల రుసుము చెల్లించి ఆయనను తీసికొనెను. గౌరవచిహ్నములెన్నో పొందిన ఆటగాని విలువ ఒక్క వారములో నూరు డాలర్లకు దిగజారినది! మరుసటి యేడు ఆయన పూర్తి మారథాన్ పరుగెత్తెను. లీగులో ఆడుచుండగనే మారథాన్ ముగించినవారిలో ఆయనయే ప్రథముడు. చికాగోలో 1981 వరకు ఆడి విరమించునప్పటికి చేతిలో న్యాయవాద పట్టమున్నది, మిన్నియాపొలిస్‌లో ఒక న్యాయవాద సంస్థలో ఉద్యోగమున్నది. విరమణ ఆయనకు అగాధము కాలేదు.

ఇక ఆ మరియొకని మాట. 1975 జనవరి 12వ తేదీన న్యూ ఆర్లియన్స్ నగరమందలి తులేన్ మైదానమున లీగు విజేతను తేల్చు తుదిపోరగు సూపర్ బౌల్ తొమ్మిదవది జరిగినది. వైకింగ్స్ ఒకవైపు, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ రెండవవైపు. అర్ధభాగము ముగియునప్పటికి 2-0 మాత్రమే. చివరకు స్టీలర్స్ 16-6తో గెలిచిరి. వైకింగ్స్ పొందిన ఆరు పాయింట్లను కూడ వారి క్వార్టర్‌బ్యాక్ నడుపు దళము సంపాదింపలేదు. ఎదుటివారు తన్నిన బంతిని అడ్డుకొని పట్టుకొనుటచేత వచ్చినవవి. ఆనాడు స్టీలర్స్ జట్టులో మైక్ వెబ్‌స్టర్ అను యువకుడుండెను. విస్కాన్సిన్ రాష్ట్రమున పుట్టి, అచటి విశ్వవిద్యాలయమున చదివి, అంతకు ముందటి యేడే అయిదవ విడతలో ఎంపికై వచ్చిన కొత్త సెంటర్. పేజ్ జట్టు నాలుగు సూపర్ బౌళ్లు ఆడి నాలుగును ఓడినది. వెబ్‌స్టర్ జట్టు నాలుగు ఆడి నాలుగును గెలిచినది. పేజ్ వలెనే ఆతడును తొమ్మిదిమార్లు ప్రో బౌల్‌కు ఎంపికయ్యెను. 1990 వరకు పదునేడు ఋతువు లాడెను. 1997లో కాంటన్ భవనమున స్థానము పొందెను. కీర్తిలో ఇరువురును సమానులు, గెలుపులో వెబ్‌స్టర్ అధికుడు.

2002 సెప్టెంబరులో ఏబదియేండ్ల ప్రాయమున వెబ్‌స్టర్ మరణించెను. మరణమునకు ముందు చాల యేండ్లుగా జ్ఞాపకశక్తి నశించి, మనస్సు చెదరి, నిద్రకు దూరమై, కుటుంబమునకు దూరమై, ఒక్కొక్క రాత్రి తన ట్రక్కులోనే పడుకొను దుఃస్థితికి వచ్చెను. పిట్స్‌బర్గ్‌లో శవపరీక్ష చేసినవాడు నైజీరియా దేశమునుండి వచ్చిన యువవైద్యుడు బెన్నెట్ ఒమలు. పైకి చూచుటకు ఆ మెదడు ఆరోగ్యముగానే కనబడినది. ఐనను ఆ వైద్యుడు తృప్తిపడక దానిని భద్రపరచి, పలుచని పొరలుగా కోయించి, సూక్ష్మదర్శినిలో పరిశీలింపగా, టౌ అను ప్రోటీను ఉండరానిచోట్ల పేరుకొనియుండుట కనుగొనెను. పదేపదే తలకు తగిలిన దెబ్బలవలన మెదడు క్రమముగా క్షీణించు సీటీఈ అను వ్యాధి లక్షణమది. పూర్వము దానిని ముష్టియోధులలో వైద్యులు గుర్తించియుండిరి. 2005లో ఒమలు తన పరిశోధనను ప్రకటింపగా, లీగు నియమించిన వైద్యసంఘమువారు దానిని ఉపసంహరింపవలెనని పట్టుబట్టిరి. మృతుని మెదడు సాక్ష్యమిచ్చుచుండగా దానిని నోరు మూయింపజూచిన ఆ వైద్యులను తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు మండును.

ఇందులో తెలిసికొనవలసినది మరియొకటి కలదు. స్పృహ తప్పించు పెద్దదెబ్బలు మాత్రమే ఇట్టి హానికి హేతువులు కావు. సెంటర్ బంతిని వెనుకకు అందించి తల యెత్తునంతలోనే ఎదుటివాడు వచ్చి తగులును. ఆ ఢీ చిన్నదే, లేచి మరల నిలువవచ్చును, ఎవరును గమనింపరు. అట్టివి ఋతువునకు వేయి, పదునేడు ఋతువులకు ఎన్ని! లైన్‌మన్ వృత్తియే ఇది. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన పరిశీలనలో, లీగులో ఆడిన 111 మంది మెదళ్లను చూడగా 110 మందిలో ఈ వ్యాధి కనబడినది. రోగలక్షణములున్నవారి కుటుంబములే ఎక్కువగా దానము చేసియుందురు గనుక ఆటగాండ్రందరికి ఈ నిష్పత్తిని అన్వయింపరాదని ఆ పరిశోధకులే హెచ్చరించిరి; ఆ హెచ్చరికను గౌరవించుచునే, ఆ సంఖ్య ముందు నేను నిశ్చేష్టుడనైతిని.

కావున పేజ్ వివేకవంతుడనియు వెబ్‌స్టర్ అవివేకియనియు ఎవరైనను అనినచో అది అన్యాయము, అజ్ఞానము. చదువుకొన్నవాని మెదడును దెబ్బ గౌరవించి తొలగిపోదు. వెబ్‌స్టర్ మరణించిన నాలుగేండ్లకు, 2006లో, అతని వైకల్యము ఆటలో ఉన్ననాడే మొదలైనదని అప్పీలు న్యాయస్థానము తేల్చి, లీగు పింఛనునిధి అతని వారసులకు బాకీపడిన సొమ్ము చెల్లింపవలసినదే యని తీర్పిచ్చినది. న్యాయమే, కాని అనుభవింపవలసినవాడు లేడు. తరువాత తలదెబ్బలనుగూర్చి వేలకొలది మాజీ ఆటగాండ్రు లీగుపై వేసిన దావా రాజీకి వచ్చినప్పుడు, మతిభ్రంశమును కొలుచు పరీక్షలలో నల్లవారి సహజశక్తి తెల్లవారికంటె తక్కువయని ముందే ఊహించి లెక్క కట్టు పద్ధతి యొకటి అందులో దూరినది! అనగా ఒకే వరుసలో ఒకే దెబ్బ తిన్న ఇద్దరిలో నల్లవాడు తన నష్టమును నిరూపించుకొనుట ఎక్కువ కష్టము. స్టీలర్స్ జట్టులో ఒకప్పటి లైన్‌మన్ కెవిన్ హెన్రీ, మరియొక మాజీ ఆటగాడు నజే డావెన్‌పోర్ట్ 2020లో దీనిపై దావా వేయగా, మరుసటి యేడు ఆ పద్ధతిని విడిచెదమని లీగు ఒప్పుకొన్నది.

పేజ్ న్యాయమూర్తి పదవికి వచ్చిన తీరు కూడ చెప్పదగినది. రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయమున పనిచేయుచు, 1992లో సర్వోన్నత న్యాయస్థానపు స్థానమునకు పోటీ చేయదలచెను. గవర్నరు అప్పటి న్యాయమూర్తి పదవీకాలమును పొడిగించి ఎన్నిక లేకుండ చేసెను. పేజ్ గవర్నరుపై దావా వేసి, గెలిచి, ఎన్నికను జరిపించి, ఆ ఎన్నికలోను గెలిచెను. మిన్నెసోటా సర్వోన్నత న్యాయస్థానమున ఆసీనుడైన తొలి నల్లజాతీయుడాయన. 1998, 2004, 2010లలో ప్రజలు ఆయనను మరల మరల ఎన్నుకొనిరి. ఆ రాష్ట్రమున న్యాయమూర్తులు డెబ్బదియేండ్లకు విరమింపవలెను గనుక 2015లో పీఠము దిగెను.

కాంటన్ భవనమున 1988లో తనకు సన్మానము జరిగినప్పుడు, సభకు తన్ను పరిచయము చేయుటకు ఆయన ఏ శిక్షకుని పిలువలేదు, ఏ సహక్రీడాకారుని పిలువలేదు. మిన్నియాపొలిస్‌లో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానాధ్యాపకురాలగు విల్లరీన్ బీస్లీని పిలిచెను. ఆనాటి ప్రసంగమున గెలుపోటములను పక్కనబెట్టి చదువునుగూర్చియే మాట్లాడెను. సమావేశపు గదిలో చదువలేకపోయిన తన సహచరులను అచటనే స్మరించెను. ఆ సంవత్సరమే ఆయనయు డయానును కలిసి పేజ్ విద్యాసంస్థను స్థాపించిరి. మిన్నెసోటాలోని శ్వేతజాతీయేతర విద్యార్థుల ఉన్నతవిద్యకు అది ధనసహాయము చేయును. కాని సహాయము పొందిన విద్యార్థి ప్రతియేటను కొంతకాలము చిన్నపిల్లల పాఠశాలకు పోయి వారికి చదువు చెప్పవలెను. ఈ నియమమే నాకు అన్నిటికంటె ప్రియమైనది. తనవంటి మేనిచాయగల ఇరువదియేండ్ల అన్నగాని అక్కగాని తన ప్రక్క కూర్చుండి లెక్కలు చేయించుచుండగా ఆ పసివానికి కలుగు ధైర్యమును ఏ ఉపన్యాసము కలిగింపగలదు?

డయాన్ 2018లో మరణించెను. దంపతులిరువురు దశాబ్దములుగా సేకరించిన బానిసత్వకాలపు వస్తువులను, వర్ణభేదమును శాసించిన ఫలకములను, లింకన్ మరణించినప్పుడు ఎత్తిన శోకపతాకమును ఆ యేటనే మిన్నియాపొలిస్ గ్రంథాలయమున ప్రజల ముందుంచిరి. దేశాధ్యక్షుని స్వాతంత్ర్య పతకము కూడ ఆ యేటి నవంబరుననే ఆయనకు లభించినది. అంతకు ముందటి యేడు, డకోటా జాతిని నిర్మూలింపవలెనని పిలుపిచ్చిన గవర్నరు రామ్సే పేరుగల పాఠశాలకు, పిల్లలే పట్టుబట్టి ఆ పేరు తీసివేయించగా, జస్టిస్ పేజ్ పేరు పెట్టిరి. ఆటలో దెబ్బతిని లంబకోణమున ప్రక్కకు వంగిపోయిన తన చిటికెనవ్రేలినిగూర్చి కూతురు కేమీతో కలిసి ఆయన పిల్లల పుస్తకమొకటి వ్రాసెను. ఏటేట జరుగు నగర మారథాన్‌నాడు వీథి ప్రక్కన నిలిచి పెద్ద ఇత్తడి బాకా ఊది, పరుగెత్తువారిని ఉత్సాహపరచును.

2020 జనవరిలో పేజ్, మిన్నియాపొలిస్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు అధ్యక్షుడును కాశ్మీరు మూలములు గలవాడును అగు నీల్ కష్కరి, ఇరువురును కలిసి రాష్ట్ర సంవిధానమునకు ఒక సవరణ ప్రతిపాదించిరి. పాఠశాలలను నెలకొల్పవలసిన బాధ్యత శాసనసభకున్నదని మాత్రమే పలుకు పాత వాక్యమునకు బదులు, నాణ్యమైన ప్రభుత్వవిద్య ప్రతి బాలుని ప్రాథమికహక్కని వ్రాయవలెనని వారి కోరిక. ఉపాధ్యాయుల సంఘము దీనిని వ్యతిరేకించినది. చదువు విషయమెల్ల న్యాయస్థానముల పాలగునని, పరీక్షల మార్కులే కొలబద్ద యగునని వారి భయము. ఆ భయము నిరాధారము కాదు. ఐనను నేను పేజ్ పక్షముననే యున్నాను, అందుకు కారణము మన అనుభవము. పేజ్ న్యాయపీఠ మెక్కిన 1993లోనే, ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడుమ నడిచిన వ్యాజ్యమున, పదునాలుగేండ్ల వరకు చదువు బాలల ప్రాథమికహక్కని మన సుప్రీంకోర్టు చెప్పినది. 2002లో అది సంవిధానమున చేరినది, 2010లో అమలునకు వచ్చినది. ఆ హక్కు పిల్లలను బడికి రప్పించుటకు తోడ్పడినది. ఐనను అయిదవ తరగతిలో కూర్చుండి రెండవ తరగతి పాఠమును చదువలేని పిల్లలు మన బడులలో నేటికిని ఉన్నారు. మన సంవిధానపు 21-ఏ అధికరణము ఉచితమనినది, నిర్బంధమనినది, నాణ్యమనలేదు. మిన్నెసోటాలో ఆ వృద్ధుడు పట్టుబట్టినది ఆ ఒక్క మాట కొరకే.